కుళాయి నీళ్ళలో టైరోసినేజ్ సెన్సర్ ఎందుకు మూగబోతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు. హార్మోన్ల పనిని పాడుచేసే కాలుష్యాలను నీటిలో పట్టుకునే ఎంజైమ్ బయోసెన్సర్ మీ టాపిక్. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద కార్బన్ నానోట్యూబులు, పూతని పట్టి ఉంచే కైటోసాన్ కలిపి, పుట్టగొడుగుల నుంచి తీసిన టైరోసినేజ్ అనే ఎంజైమ్ పూత వేశారు. ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌లో, ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్ ఏ, అంటే బీపీఏ, 20 నానోమోలార్ దాకా బాగానే కనిపిస్తోంది. కష్టాలు మూడు. నాలుగైదు రీడింగులకే సిగ్నల్ సగానికి పడిపోతోంది. కుళాయి నీళ్ళలో మీరే బీపీఏ కలిపి కొలిచినా రీడింగ్ దాదాపు రావడం లేదు. పేపర్లలో పికోమోలార్ (నానోమోలార్‌లో వెయ్యో వంతు) అని రాస్తుంటే మీది నానోమోలార్ దగ్గరే ఆగిపోయింది, కాబట్టి ఎంజైమ్ మార్చాలా అని టెన్షన్. ఆ తర్వాత వాటర్ క్యాన్లు, మూసీ నీళ్ళు కొలవాలి.

ఎంజైమ్ మార్చక్కర్లేదు. మార్చాల్సింది మీరు దాన్ని అడుగుతున్న ప్రశ్నని. నేను పదిహేడేళ్ళుగా ఎలక్ట్రోడ్లతోనే బతుకుతున్నాను, అందులో చాలా భాగం ఫీనాల్స్‌తోనే (కార్బన్ వలయానికి ఓహెచ్ గుంపు తగిలిన అణువులు) గడిచింది. మీరు పడుతున్న మూడు కష్టాలూ నేను పడ్డవే.

ముందు టాపిక్ పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. హార్మోన్లను పాడుచేయడం అనేది ఒక పదార్థం మన ఒంట్లోకి వెళ్ళాక చేసే పని. దాన్నిబట్టి దాని అణువు ఎలా ఉంటుందో చెప్పలేం. బీపీఏ ఫీనాల్. డీడీటీ ఫీనాల్ కాదు. థాలేట్లు ఎస్టర్లు. అట్రజీన్ ఇంకో రకం. వీటన్నిటినీ ఒకే కట్టలో పెట్టింది డాక్టర్లూ జీవశాస్త్రజ్ఞులూ తప్ప రసాయన శాస్త్రం కాదు. ఎంజైమ్‌కి మాత్రం తెలిసింది అణువు ఆకారమే. హార్మోన్ ప్రభావాన్నే నేరుగా కొలవాలంటే ఈస్ట్ కణంలో మనిషి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పెట్టి చేసే పరీక్షలు 1990ల నుంచే ఉన్నాయి, వాటికి గంటలు, రోజులు పడతాయి. మీ టైరోసినేజ్ ఆ పని చేయలేదు. అది చేయగలిగింది ఒక్కటే, ఫీనాల్‌ని గుర్తుపట్టడం. బీపీఏ, నోనైల్‌ఫీనాల్, ఈస్ట్రాడయాల్ లాంటి పేరుమోసిన ఈస్ట్రోజెన్ తరహా పదార్థాల్లో చాలావాటికి ఫీనాల్ వలయం ఉండటం మన అదృష్టం. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కి నచ్చేది కూడా ఆ వలయమే మరి. బీపీఏకి ఈస్ట్రోజెన్ గుణం ఉందని లండన్‌లో డాడ్స్ బృందం 1936లోనే చూపించింది. పాలికార్బొనేట్ ప్లాస్టిక్ పుట్టింది 1953లో. అంటే ప్లాస్టిక్ కన్నా ముందే దాని హార్మోన్ గుణం తెలుసన్నమాట.

ఇక ఎంజైమ్ సంగతి. వంకాయ కోసి పక్కన పెడితే నల్లబడుతుంది కదా, అది చేసేది పాలీఫినాల్ ఆక్సిడేజ్, టైరోసినేజ్‌కి దగ్గరి చుట్టం. రెండిటి గుండెలోనూ రెండు రాగి అయాన్లు పక్కపక్కన ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని, ఫీనాల్‌లో ఓహెచ్ పక్కనున్న చోట ఇంకో ఓహెచ్ తగిలించి కాటెకాల్ చేస్తుంది, దాన్ని మళ్ళీ ఆక్సీకరించి ఆర్థో క్వినోన్ చేస్తుంది. వంకాయలో ఆ క్వినోన్లు ఒకదానికొకటి అతుక్కుని నల్ల రంగు వస్తుంది. మీ సెల్‌లో, అంటే ఎలక్ట్రోడ్ ముంచి కొలిచే గిన్నెలో, ఆ క్వినోన్ ఎలక్ట్రోడ్‌ని తాకితే, మైనస్ 0.1 నుంచి మైనస్ 0.2 వోల్టుల దగ్గర (సిల్వర్ - సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో) ఎలక్ట్రాన్లు తీసుకుని తిరిగి కాటెకాల్ అవుతుంది. ఆ కాటెకాల్‌ని ఎంజైమ్ మళ్ళీ క్వినోన్ చేస్తుంది. ఒకే అణువు ఎలక్ట్రోడ్‌కీ ఎంజైమ్‌కీ మధ్య గిరికీలు కొడుతూ ఒక్కో చుట్టుకీ రెండు ఎలక్ట్రాన్ల లెక్క రాస్తుంది. మీ సెన్సర్‌కి నానోమోలార్ బలం ఇస్తున్నది ఈ గిరికీలే. నానోట్యూబుల పాత్ర ఉంది కానీ, పేపర్లలో వాటికి ఇచ్చేంత ఘనత నేను ఇవ్వను.

బీపీఏని ఎంజైమ్ లేకుండా కార్బన్ మీద నేరుగా ఆక్సీకరించవచ్చు, సుమారు ప్లస్ 0.5 వోల్టుల దగ్గర. కానీ అక్కడ పుట్టే రాడికల్స్ పాలిమర్‌గా మారి ఎలక్ట్రోడ్‌ని మూసేస్తాయి, పైగా ఆ వోల్టేజ్ దగ్గర నీళ్ళలో ఉన్నవి ఇంకెన్నో పలుకుతాయి. ఎంజైమ్ పెట్టుకుని తక్కువ వోల్టేజ్‌లో పని చేయడం అందుకే.

ఈ వంటింటి పోలిక నాది కాదు. 1985లో సిడ్వెల్, రెక్‌నిట్జ్ అనే ఇద్దరు అరటిపండు ముక్కని ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ మీద పెట్టి డోపమైన్ కొలిచారు. దాని పేరు కూడా బననట్రోడ్ అనే పెట్టారు. శుద్ధి చేసిన ఎంజైమ్ కొనడానికి డబ్బు లేని ల్యాబుల్లో ఆ దారి ఇప్పటికీ పనికొస్తుంది.

మొదటి కష్టం, సిగ్నల్ పడిపోవడం. దీనికి కారణాలు నాలుగు ఉండొచ్చు, పైకి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎంజైమ్ పూతలోంచి కరిగి బయటికి పోతూ ఉండొచ్చు. క్వినోన్లు అతుక్కుపోయి ఎలక్ట్రోడ్‌ని మూసేసి ఉండొచ్చు. అవే క్వినోన్లు ఎంజైమ్ ప్రొటీన్‌కే అంటుకుని దాన్ని చంపేసి ఉండొచ్చు. నాలుగోది చాలామంది మర్చిపోయేది. కాటెకాల్‌తో పని చేస్తున్నప్పుడు టైరోసినేజ్ అప్పుడప్పుడు తనంతట తానే శాశ్వతంగా ఆగిపోతుంది. ఎంజైమ్ శాస్త్రంలో దీన్ని ఆత్మహత్య అనే పిలుస్తారు. ఎన్ని చుట్లు తిరిగితే అంత ప్రమాదం. అంటే మీకు బలం ఇచ్చే గిరికీలే మీ ఎంజైమ్ ఆయుష్షునీ తింటున్నాయి. ఇది మీ పూతలో లోపం కాదు, కెమికల్ కంపెనీ మోసమూ కాదు.

ఏది కారణమో తేల్చడానికి రెండు రోజుల పని చాలు. ఎలక్ట్రోడ్ ఉపరితలాన్ని పరీక్షించడానికి వాడే ఫెర్రిసయనైడ్ ద్రావణంలో సైక్లిక్ వోల్టామోగ్రామ్ (వోల్టేజ్‌ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ గీసే కరెంట్ గ్రాఫ్) ఒకటి రీడింగులకు ముందు, ఒకటి తర్వాత తీయండి. శిఖరాల మధ్య దూరం పెరిగి ఎత్తు తగ్గితే ఎలక్ట్రోడ్ మూసుకుపోయినట్టు. శిఖరాలు మారకుండా బీపీఏ సిగ్నల్ మాత్రమే పడితే తప్పు ఎంజైమ్ వైపు. అప్పుడు కొత్త ఎలక్ట్రోడ్‌ని బీపీఏ చూపించకుండా ఉత్త బఫర్‌లో అంతే సేపు కలుపుతూ ఉంచి, చివర్లో ఒక్క రీడింగ్ తీయండి. అప్పటికే సగం పోతే ఎంజైమ్ కరిగి బయటికి పోతోంది, దాన్ని పూతకి కట్టిపడేసే గ్లూటరాల్డిహైడ్ కొంచెం పెంచండి. పూర్తిగా ఉంటే అది పని చేస్తూ చచ్చిపోతోంది, పూత ఎంత గట్టిగా వేసినా మీకు కలిసిరాదు. గ్లూటరాల్డిహైడ్ మరీ పెంచితే ఎంజైమ్ బిగుసుకుపోయి మొదటి రీడింగే రాదు, అది కూడా చూశాను.

నా సలహా అయితే ఆ ఎంజైమ్‌ని పదే పదే బతికించాలని పోరాడొద్దు. ఒక ఎలక్ట్రోడ్, ఒక శాంపిల్, పారేయడం. స్క్రీన్ ప్రింటెడ్ ఎలక్ట్రోడ్లకి, అంటే పట్టీ మీద అచ్చు వేసిన చవక ఎలక్ట్రోడ్లకి, మారండి. షుగర్ స్ట్రిప్ అంతే కదా, దాన్ని ఎవరూ కడిగి మళ్ళీ వాడరు. అలా మారితే మీ బాధ్యత వేరే చోటికి పోతుంది. ఒక ఎలక్ట్రోడ్‌కీ ఇంకో ఎలక్ట్రోడ్‌కీ తేడా ఎంత అన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఒకే ఎలక్ట్రోడ్‌తో పది రీడింగులు తీసి పునరావృతం బాగుంది అని రాయడం కుదరదు, పది ఎలక్ట్రోడ్లు చేసి పది రీడింగులు తీయాలి. కష్టమే. కానీ పరీక్షకుడు అడిగేది అదే.

షుగర్ స్ట్రిప్ పేరు ఎత్తాను కాబట్టి ఒక లెక్క. క్లార్క్, లయన్స్ ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచన చెప్పింది 1962లో. పాతికేళ్ళలో అది ఇళ్ళలోకి వచ్చేసింది. మరి ఫీనాల్ సెన్సర్ ఎందుకు రాలేదని విద్యార్థులు అడుగుతుంటారు. రక్తంలో గ్లూకోజ్ సుమారు 5 మిల్లీమోలార్ ఉంటుంది. మీరు వెతుకుతున్న బీపీఏ 10 నానోమోలార్ చుట్టుపక్కల ఉంటుంది. తేడా అయిదు లక్షల రెట్లు. పైగా గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనేది ఎంజైమ్‌లలో ఏనుగు లాంటిది, మొండిది, గ్లూకోజ్ తప్ప ఇంకోదాన్ని పెద్దగా ముట్టదు. టైరోసినేజ్‌కి ఈ రెండు గుణాలూ లేవు.

రెండో కష్టం, కుళాయి నీళ్ళు. ఇక్కడ మీ ఎంజైమ్‌ని తిట్టకండి, ముందు క్లోరిన్‌ని లెక్కేయండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ లీటరుకి ఉండాలి. అది దాదాపు 2.8 మైక్రోమోలార్. మీరు కలిపిన బీపీఏ 20 నానోమోలార్ అనుకుంటే, దానికి 140 రెట్లు క్లోరిన్ ఎదురు నిలబడి ఉంది. క్లోరిన్ ఫీనాల్ వలయంలో ఎక్కడ కూర్చుంటుందో తెలుసా? ఓహెచ్ పక్కనే, సరిగ్గా టైరోసినేజ్ రెండో ఓహెచ్ తగిలించాల్సిన చోట. బీపీఏని ఎంజైమ్ చూసే లోపే కుర్చీ ఆక్రమించేసుకుంది. మిగిలిన క్లోరిన్ ఎంజైమ్ ప్రొటీన్‌నీ వదలదు.

క్లోరిన్ తీసేయాలంటే అందరికీ గుర్తొచ్చేది విటమిన్ సి. చవక, సురక్షితం, నీటి పరీక్షల పద్ధతుల్లో కూడా వాడతారు. నేను ఈ గోతిలో నెలన్నర పడి ఉన్నాను. ఆస్కార్బిక్ ఆమ్లం క్లోరిన్‌ని తీసేస్తుంది, నిజమే, తర్వాత మీ ఆర్థో క్వినోన్‌ని కూడా ఎలక్ట్రోడ్‌కి చేరే లోపే కాటెకాల్‌గా మార్చేస్తుంది. అప్పుడు ఎలక్ట్రోడ్‌కి ఇవ్వడానికి పని ఏమీ మిగలదు, కరెంట్ సున్నా. మైనస్ వోల్టేజ్‌లో ఆస్కార్బిక్ ఆమ్లం అడ్డు రాదని పేపర్లలో రాస్తారు. ఎలక్ట్రోడ్ మీద అడ్డు రాదు సరే, బీకర్లో వస్తుంది. కోసిన యాపిల్ మీద నిమ్మరసం పిండితే నల్లబడకపోవడానికి సగం కారణం ఇదే. సల్ఫైట్ కూడా వద్దు, రొయ్యలు నల్లబడకుండా వాడేదే అది, ఈ ఎంజైమ్‌ని ఆపడానికే. సోడియం థయోసల్ఫేట్ వాడండి, అదీ క్లోరిన్‌కి సరిపడా కొన్ని మైక్రోమోల్స్ మాత్రమే, అంతే మొత్తం మీ బ్లాంక్‌లోనూ (బీపీఏ కలపని ద్రావణం) కాలిబ్రేషన్ ద్రావణాల్లోనూ (తెలిసిన గాఢతలవి) కలపండి. బీపీఏని క్లోరిన్ పోయాకే కలపండి. ముందు కలిపి తర్వాత క్లోరిన్ తీస్తే మీరు కొలుస్తున్నది బీపీఏని కాదు.

ఇంకో దొంగ ఉప్పు. మన ఇళ్ళలో వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో, అరటికాయ ముక్కల్ని పల్చటి మజ్జిగలో వేస్తారు. అమ్మలు చేసేది టైరోసినేజ్ ఇన్హిబిషనే. క్లోరైడ్ ఆ రాగి చోటుకి వెళ్ళి ఎంజైమ్‌ని నెమ్మదింపజేస్తుంది, పులుపు ఉంటే ఇంకా ఎక్కువగా. మీరు వాడుతున్న బఫర్ సెలైన్‌లో దాదాపు 140 మిల్లీమోలార్ ఉప్పు ఉంది. ఎందుకు? జీవకణాల కోసం పుట్టిన బఫర్ అది, మీ సెల్‌లో కణాలేవీ లేవు. ఉత్త ఫాస్ఫేట్‌కి మారండి, పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య. ఇక బోరు నీళ్ళు కొలిచినప్పుడు ఊరినిబట్టి క్లోరైడ్ మారుతుంది, ప్రమాణంలోనే 250 మిల్లీగ్రాములు మామూలు, వేరే దిక్కు లేకపోతే 1000 దాకా అనుమతి. స్క్రీన్ ప్రింటెడ్ ఎలక్ట్రోడ్ మీద రిఫరెన్స్ విప్పి ఉన్న సిల్వర్ క్లోరైడ్ అయితే క్లోరైడ్ పది రెట్లు మారినప్పుడల్లా మీ సున్నా కూడా 59 మిల్లీవోల్టులు జరుగుతుంది. మరి ఉప్పు పూర్తిగా తీసేస్తే రిఫరెన్స్ నిలవదు. కాబట్టి రాజీ. అన్ని ద్రావణాల్లోనూ ఒకే మోతాదు పొటాషియం క్లోరైడ్ కొద్దిగా కలపండి, శాంపిల్‌లో ఉన్నదాన్ని మించేలా. కొంత సిగ్నల్ పోతుంది, పోనివ్వండి. అందరికీ ఒకేలా పోతే నష్టం లేదు.

నైట్రోజన్ వదులుతున్నారా? మీ ప్రశ్నలో చెప్పలేదు. ఎలక్ట్రోకెమిస్ట్రీ ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతి విద్యార్థికీ సెల్‌లోకి నైట్రోజన్ బుడగలు వదిలి ఆక్సిజన్‌ని తరిమేయడం అలవాటు. ఇక్కడ ఆక్సిజన్ మీ ఎంజైమ్‌కి తిండి. 25 డిగ్రీల దగ్గర నీళ్ళలో ఉండేదే లీటరుకి 8 మిల్లీగ్రాములు. అది తీసేసి సిగ్నల్ రాలేదని ఏడ్చినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

వాటర్ క్యాన్ల విషయానికి వస్తే, మీరు కొలవబోయేది బహుశా మీ ల్యాబ్‌నే. ఒకసారి నా బ్లాంక్‌లోనే రోజూ ఒక చిన్న, స్థిరమైన సిగ్నల్ వచ్చేది. ఎలక్ట్రోడ్లు మార్చాను, ఎంజైమ్ సీసా మార్చాను, బఫర్ ఉప్పులు కొత్తవి తెప్పించాను. చివరికి తేలిందేమిటంటే, ఆ ల్యాబ్‌లో డీఅయొనైజ్డ్ నీళ్ళు నిల్వ ఉంచే తొట్టి పాలికార్బొనేట్‌ది. దాన్ని పైపు కింద నుంచి తప్పించి గాజు సీసాలోకి పట్టిన రోజు సిగ్నల్ పోయింది. పాలికార్బొనేట్ అంటే బీపీఏ ముక్కల్ని కార్బొనేట్ ముడులతో కట్టిన దండ. వేడికీ, క్షారానికీ ఆ ముడులు విడిపోతాయి. మన వీధుల్లో తిరిగే 20 లీటర్ల నీలం క్యాన్లలో పాలికార్బొనేట్‌వీ ఉన్నాయి, పెట్ (పీఈటీ) ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. అడుగున త్రికోణంలో 7 ఉంటే పాలికార్బొనేట్ అయ్యే అవకాశం ఉంది, 1 ఉంటే పెట్, దాంట్లో బీపీఏ ముక్కలు లేవు. రెండు రకాలూ తెచ్చుకోండి, ఒకటి మీకు సహజమైన బ్లాంక్ అవుతుంది. కొత్త క్యాన్, పాత గీతలు పడ్డ క్యాన్, నీడలో ఉంచింది, మే నెల ఎండలో లారీ మీద నిలబెట్టింది. ఒక మంచి చాప్టర్ అక్కడ ఉంది.

శాంపిల్ గాజు సీసాలో తీసుకోండి, మూతకి టెఫ్లాన్ లైనింగ్ ఉండాలి. బీపీఏ నీటికన్నా నూనెని ఇష్టపడే అణువు, ప్లాస్టిక్ గోడలకి అంటుకుపోతుంది కూడా. అంటే ప్లాస్టిక్ రెండు వైపులా మోసం చేస్తుంది, ఒకటి ఇస్తుంది, ఇంకోటి లాక్కుంటుంది. స్టాక్ ద్రావణం మెథనాల్‌లో చేసుకోండి, సెల్‌లోకి వచ్చేసరికి మెథనాల్ ఒక శాతం దాటొద్దు. సూపర్‌మార్కెట్ బిల్లు, ఏటీఎం స్లిప్ పట్టుకున్న చేత్తో సీసా మూత తీయొద్దు. థర్మల్ పేపర్ మీద పూతలో బీపీఏ వాడతారు, ఐరోపాలో 2020 నుంచి అందుకే కట్టడి పెట్టారు.

ఇక పికోమోలార్. పేపర్లు చదివేటప్పుడు డిటెక్షన్ లిమిట్ చూడకండి, నిజంగా కొలిచిన అతి తక్కువ గాఢత ఎంతో చూడండి. ఆ లిమిట్ కోసం బ్లాంక్‌లో వచ్చే రీడింగుల చెదురుకి మూడు రెట్లు తీసుకుని కాలిబ్రేషన్ గీత వాలుతో భాగిస్తారు. ప్రశాంతమైన బఫర్‌లో, ఒకే ఎలక్ట్రోడ్‌తో, వరుసగా పది రీడింగులు తీస్తే ఆ చెదురు ఎంత కావాలంటే అంత చిన్నగా వస్తుంది. తర్వాత 50 నానోమోలార్‌తో మొదలైన గీతని కిందకి లాగి పికోమోలార్ అని రాస్తారు. ఆ గాఢత ఉన్న బీకర్‌ని ఎవరూ సెన్సర్‌కి చూపించలేదు. అబద్ధం అనను, నేల విడిచిన సాము అంటాను. మీరు 20 నానోమోలార్‌ని నిజంగా కొలిస్తే అది వాళ్ళ పికోమోలార్ కన్నా విలువైనది.

మరి ఎంత కావాలి? ఐరోపా తాగునీటి చట్టం 2020లో బీపీఏకి లీటరుకి 2.5 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. బీపీఏ అణుభారం 228, కాబట్టి అది 11 నానోమోలార్. మీరు రెండు రెట్ల దూరంలో ఉన్నారు, సెలైన్ మానేస్తేనే దగ్గరికి వచ్చేస్తారేమో. అదే చట్టం కింద ఈస్ట్రాడయాల్‌కి పెట్టిన నిఘా విలువ లీటరుకి 1 నానోగ్రాము, అంటే 3.7 పికోమోలార్. మూడు వేల రెట్లు కింద. అక్కడికి టైరోసినేజ్‌తో వెళ్ళాలనుకోవద్దు. అరలీటరు నీటిని, ఇలాంటి అణువుల్ని పట్టి ఉంచే సీ18 కాట్రిడ్జ్ మీద పట్టి ఒక మిల్లీలీటరు మెథనాల్‌లోకి దించి 500 రెట్లు చిక్కబరచొచ్చు, కానీ అంత తంతు చేశాక ఆ మెథనాల్‌ని ఎల్‌సీ-ఎంఎస్‌లోకి (అణువుల్ని విడదీసి బరువునిబట్టి గుర్తించే యంత్రం) పంపితే సరిపోతుంది కదా, సెన్సర్ ఎందుకు? ఈస్ట్రాడయాల్‌ని థీసిస్‌లోంచి తీసేయండి. గైడ్ గారు ఒప్పుకోకపోతే ఈ లెక్క చూపించండి.

అయితే మీ సెన్సర్‌కి ఎవరూ వాడుకోని ఒక బలం ఉంది. మన ఐఎస్ 10500లో ఫీనాల్ సమ్మేళనాలు అన్నీ కలిపి, ఫీనాల్ లెక్కన, మామూలుగా లీటరుకి 0.001 మిల్లీగ్రాము దాటకూడదని ఉంది. మోలార్‌లోకి మార్చండి, 10.6 నానోమోలార్. ఐరోపా బీపీఏ పరిమితి ఎక్కడ ఉందో దాదాపు అక్కడే. ఈ పరీక్షకి మామూలుగా చేసేది 4-ఎమినోయాంటిపైరిన్‌తో రంగు పుట్టించి క్లోరోఫామ్‌లోకి లాగడం. ఆ రంగు పద్ధతికి పాత జబ్బు ఒకటి ఉంది. ఓహెచ్‌కి ఎదురు కొనలో కార్బన్ గుంపు తగిలి ఉన్న ఫీనాల్స్‌ని అది సరిగ్గా చూడలేదు. బీపీఏకి సరిగ్గా అక్కడే తగిలి ఉంటుంది. నోనైల్‌ఫీనాల్‌కి కూడా. అంటే హార్మోన్లను పాడుచేసే ఫీనాల్స్‌నే ఆ పరీక్ష వదిలేస్తోంది. టైరోసినేజ్‌కి ఎదురు కొనతో పేచీ లేదు, ప్రకృతిలో దాని సొంత ఆహారమైన టైరోసిన్‌కి అక్కడే గుంపు ఉంటుంది. దానికి కావాల్సింది పక్క చోటు ఖాళీగా ఉండటమే.

థీసిస్‌ని ఇలా తిప్పండి. బీపీఏ సెన్సర్ అనొద్దు. ఎంపిక గుణం చూపించడానికి గ్లూకోజ్, సోడియం, కాల్షియం కలిపి అడ్డు రాలేదు అని గ్రాఫ్ గీయొద్దు, అవి ఎలాగూ అడ్డు రావు. ఫీనాల్, పారా క్రెసాల్, కాటెకాల్, బీపీఏ, ఉంటే నోనైల్‌ఫీనాల్, ఒక్కోదానికి మీ సెన్సర్ ఎంత పలుకుతుందో పట్టిక వేయండి. కాటెకాల్ అన్నిటికన్నా గట్టిగా పలుకుతుంది, బీపీఏ నెమ్మదిగా లేస్తుంది, ఎందుకంటే మొదటి ఓహెచ్ తగిలించే మెట్టే ఈ ఎంజైమ్‌కి బరువు. ఆ పట్టిక ఉంటే, సెన్సర్ మోగిన నీళ్ళని మాత్రమే ఎల్‌సీ-ఎంఎస్‌కి పంపి ఏ ఫీనాలో తేల్చుకోవచ్చు. వంద శాంపిళ్ళకి బదులు పది పంపే పని అది. వైవాలో ఫీనాల్‌కి కూడా సిగ్నల్ వస్తుంది కదా అని అడిగితే, అవును, అదే మా ఉద్దేశం అని చెప్పగలరు. లేకపోతే ఆ ఒక్క ప్రశ్నకే థీసిస్ కూలుతుంది.

ఎంజైమ్ మార్పు గురించి రెండు ముక్కలు. లాకేస్ మొండిది, ఎక్కువ రోజులు ఉంటుంది, కానీ ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున లాగి రాడికల్స్ పుట్టిస్తుంది, అవి పాలిమర్ అయ్యి ఎలక్ట్రోడ్‌ని మూస్తాయి, ఫంగస్ లాకేస్‌లకి పుల్లటి బఫర్ కావాలి. పెరాక్సిడేజ్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తూ ఉండాలి. ఎసిటైల్‌కొలినెస్టరేజ్ మీద వచ్చిన పేపర్లు క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులకి, అది ఎంజైమ్ ఎంత ఆగిపోయిందో కొలిచే వేరే ఆట.

బీపీఏ లేని ప్లాస్టిక్ అంటూ వస్తున్న వాటిలో బిస్ఫినాల్ ఎస్ ఉంటే మాత్రం జాగ్రత్త. దాని మధ్యలో సల్ఫోన్ గుంపు ఎలక్ట్రాన్లని తన వైపు లాగేసుకుంటుంది, వలయం మందకొడిగా ఉంటుంది. బీపీఏ లాగే పలుకుతుందని అనుకుని రాయకండి, విడిగా కొలవండి. సిగ్నల్ రాకపోతే అది కూడా ఫలితమే, నిర్భయంగా రాయండి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బీపీఏ రోజువారీ మోతాదుని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది, 2025 జనవరి నుంచి ఐరోపాలో ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాన్ని నిషేధించడం మొదలైంది. కంపెనీలు వేరే బిస్ఫినాల్స్ వైపు పోవడం ఇంకా పెరుగుతుంది కాబట్టి ఈ ప్రశ్న మీకు ఎదురవక తప్పదు.

మూసీ చివర పెట్టుకోండి. ఇంట గెలిచాకే రచ్చ. మురుగు కలిసిన నీటిలో రకరకాల ఫీనాల్స్, కుళ్ళిన ఆకులూ మట్టీ నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు, రాగిని గట్టిగా పట్టేసే సల్ఫైడ్, అన్నీ ఉంటాయి. అక్కడ స్టాండర్డ్ అడిషన్ (శాంపిల్‌లోనే తెలిసిన మోతాదుల్లో బీపీఏ కలుపుతూ కొలవడం) తప్ప వేరే దారి లేదు, అది కూడా ఎంజైమ్ నెమ్మదించడాన్నే సరిదిద్దుతుంది, వేరే ఫీనాల్ నుంచి వచ్చే కరెంట్‌ని తీసేయలేదు. ముందు పెట్ క్యాన్, తర్వాత పాలికార్బొనేట్ క్యాన్, తర్వాత క్లోరిన్ తీసిన కుళాయి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ పూతనే, అన్నీ అంతే ఉంచి, టైరోసినేజ్ బదులు అంతే బరువు బొవైన్ సీరమ్ ఆల్బుమిన్ (ఎంజైమ్ పని చేయని ప్రొటీన్) వేసి ఒక ఎలక్ట్రోడ్ తయారుచేయండి. దాంతో మైనస్ 0.15 వోల్టుల దగ్గర మీ బఫర్, మీ కుళాయి నీళ్ళు, థయోసల్ఫేట్ వేసిన కుళాయి నీళ్ళు, మూడూ గాజు సీసాల్లోంచే, వరుసగా కొలవండి. ఎంజైమ్ లేకుండానే కరెంట్ కదిలితే క్లోరిన్ లేదా ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ మీద నేరుగా పలుకుతోందన్నమాట, అప్పుడు వోల్టేజ్ గురించి మళ్ళీ మాట్లాడుకోవాలి. ఆ మూడు గ్రాఫులూ, ఫెర్రిసయనైడ్ ముందూ వెనుకా తీసినవీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.